బొక్క

"నా బొక్క ఇరిగింది మేడం" అన్నడు ఓదెలు
ఎక్స్‌రే ఫిలింను కిటికీ వెలుగుకు పట్టి.
కాకినాడ నుంచి కొత్తగ దిగిన హౌస్‌సర్జన్ నవ్విండు:
"బొక్కంటే కన్నం కదండీ, కన్నమెలా విరుగుతుంది?"
ఓదెలు నవ్వలే.
భూపాలపల్లి ఓపెన్‌కాస్టుల పద్దెనిమిదేండ్లు
బండకు బొక్కలు గొట్టి మందు కూరినోడు,
ఆ మాటకున్న రెండర్థాలూ ఆయన ఒంటి మీదనే ఉన్నయి.

ఎంజీఎం పాత బ్లాకు.
రెండు ఇనుప కడ్డీలు, చక్రం లేని సైకిలు, నేను.
సిమెంటు కట్టు విప్పి మూడొద్దులు,
ఎడమ పిక్క కందికట్టె లెక్క సన్నబడ్డది.
కాలు మోపమంటె
"అతుకు ఊడుతది" అంటడు.
మోపకుంటెనే ఊడుతదని ఎట్ల చెప్పాలె?

"అన్నా, పేల్చినంక పొగ ఏ రంగుల వస్తది?"
"మంచిగ కాలితె తెల్లగ.
మందు తడిస్తె నారింజ. అది జూస్తె ఉరుకుడే.
మా బాలమల్లు నవ్వుకుంట దాటిండు ఒకపారి.
పగలంత మంచిగనే ఉన్నడు.
రాత్రికి ఛాతి బట్టి..."
మాట అక్కడ్నే ఆగింది.

ఆ పొగకు తల్లి ఒక గాలి. దానికి రంగు లేదు.
ఒక నైట్రోజను, ఒక ఆక్సిజను,
జోడీ దొరకని ఒక్క ఎలక్ట్రాను. అందుకే అంత ఆగమాగం.
బయటి గాలి తాకితె నారింజ అయితది.
నైట్రిక్ ఆక్సైడ్ అంటరు.
"అది నీ బొక్కల గుడ ఉన్నది" అన్న.
ఓదెలు చటుక్కున కాలు గుంజుకున్నడు.

అగో, బెదురకు.
మైక్రోస్కోపు కింద బొక్కంటే బొక్కలే.
హౌస్‌సర్జన్‌కు చూపెడత ఒకనాడు.
గట్టి సున్నం నడుమ చిన్న చిన్న గూళ్లు,
గూటికొక కణం.
గోడ కట్టుకుంట కట్టుకుంట
అదే గోడల మిగిలిపోయిన మేస్త్రి,
సందుల్ల చేతులు చాపి
పక్క గూటోని వేళ్లు తాకుకుంట కూసుంటడు.

నువ్వు అడుగేస్తవు.
బొక్క వెంట్రుకవాసి వంగుతది.
సందుల్ల నీళ్లు కదుల్తయి,
కాకతీయ కాలువ తూము లేపితె
ఆఖరి మడి దాక ఒక వణుకు పోయినట్టు.
ఆ వణుకుకు గూట్లోడు ఒక ఊపిరి ఇడుస్తడు.
గదే గాలి.
పది లెక్కపెట్టే లోపే దాని ఆయుష్షు.
అంతల్నే
కట్టేటోళ్లను తట్టి లేపుతది,
కొరికేటోళ్ల భుజం మీద చెయ్యేసి ఆగుమంటది,
పోతది.

"ఎక్కువైతె?"
అడిగేటోడు మందు కూరినోడు గద.
ఎక్కువైతె లోపలా అదే కత.
వాచిన కీళ్లల్ల అదే గాలి ముసురుకొని
కట్టేటోళ్లనే సంపుతది.
"అయితె కొల్త తెల్వాలె."
కొల్త నాకు గుడ పూర్తిగ తెల్వదు అన్న.
పుస్తకాలు రాసేటోళ్లు ఇంకా వెతుకుతున్నరు.
నడిచే కాలుకు మాత్రం ఎరుకనే అనుకుంట.

సైరన్ లేదు, ఎర్రజెండ లేదు.
అలవాటుగ విజిల్ ఊదబోయినట్టు పెదవులు ముడిచి
మోపిండు.
గది అంతా ఆగినట్టయింది.
"ఏం కాలే" అన్నడు చెమట తుడుసుకుంట.
కాలేదనుకుంటున్నడు.

డ్యూటీ దిగి ములుగు రోడ్డు దాక నడిచిన,
మూడు ఆటోలు పక్కకొచ్చి ఆగినా ఎక్కలే.
నాకు నలభై తొమ్మిది. నెలసరి ఆగి యాడాది.
నా గూళ్లల్ల ఊపిరి పల్చబడే కాలం.
చెప్పు కింద కంకర కరకరమన్నప్పుడల్ల
లోపల ఎవరో నా మాట ఇంటున్నట్టు,
ఇంకో అడుగు,
పల్లీల బండి దాక ఇంకో అడుగు.